హ్యామ్ రేడియో: సూట్‌కేసులో సెట్ పెట్టుకుని ఫారిన్ వెళ్తున్నారా? మన లైసెన్స్ అక్కడ చెల్లుతుందా? ఈ రూల్స్ తెలియకపోతే చిక్కులే!

ఫారిన్ టూర్‌కు అంతా రెడీ. పాస్‌పోర్ట్ ఉంది, వీసా ఉంది, ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నారు. చివర్లో అరచేతిలో పట్టే చిన్న హ్యామ్ రేడియో సెట్‌ను కూడా బ్యాగులో పడేశారు. ‘నాకు లైసెన్స్ ఉంది కదా, ఇంకేం భయం’ అనుకుంటే మాత్రం పొరపాటే. ఆ లైసెన్స్ మన దేశం ఇచ్చింది. అది మన దేశంలోనే చెల్లుతుంది. సరిహద్దు దాటాక ఆ సెట్‌లో మాట్లాడొచ్చా లేదా అన్నది అడుగుపెట్టిన దేశం చెప్పాలి.

రేడియో తరంగాలకు పాస్‌పోర్ట్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో మాట్లాడితే జపాన్‌లో వినిపిస్తుంది. కానీ మాట్లాడే మనిషికి మాత్రం అనుమతి కావాలి. ఈ తేడా తెలియకపోతే ఎయిర్‌పోర్టులోనే సెట్ పోగొట్టుకోవచ్చు. కొన్ని దేశాల్లో అయితే విషయం కేసుల దాకా వెళ్తుంది. మరి ఏ దేశంలో ఏ రూల్ ఉంది? ఎవరిని అడగాలి? పూర్తి వివరాలు చూద్దాం.

అసలు హ్యామ్ రేడియో అంటే ఏంటి?

సెల్ టవర్, ఇంటర్నెట్, కేబుల్.. ఇవేవీ లేకుండా ఒక రేడియో సెట్ నుంచి మరో సెట్‌కు నేరుగా మాట్లాడుకునే హాబీ ఇది. దీన్నే అమెచ్యూర్ రేడియో అంటారు. డబ్బు కోసం, వ్యాపారం కోసం దీన్ని వాడకూడదు. పాటలు ప్రసారం చేయకూడదు. రహస్య కోడ్‌లో మాట్లాడకూడదు.

మన దేశంలో దీనికి లైసెన్స్ ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 12 ఏళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు ఉంటాయి. పాసైతే వీయూ2 లేదా వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ ఇస్తారు. ఆ కాల్ సైన్ వింటే చాలు, మాట్లాడేది ఇండియా స్టేషన్ అని ప్రపంచంలో ఏ మూల ఉన్న హ్యామ్ అయినా చెప్పేస్తారు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా లైసెన్స్ ఉన్న హ్యామే. ఆయన కాల్ సైన్ వీయూ2ఆర్‌జీ.

ఒక దేశం లైసెన్స్ ఇంకో దేశంలో ఎందుకు చెల్లదు?

డ్రైవింగ్ విషయంలో ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంది కాబట్టి రేడియోకు కూడా అలాంటిదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ ప్రపంచమంతా చెల్లే హ్యామ్ లైసెన్స్ అనేది అసలు లేనే లేదు.

ఫ్రీక్వెన్సీల పంపకం చూసే అంతర్జాతీయ సంస్థ ఐటీయూ. ఆ సంస్థ రేడియో రెగ్యులేషన్స్‌లో 25వ ఆర్టికల్ పూర్తిగా హ్యామ్ రేడియో గురించే. తాత్కాలికంగా వచ్చిన విదేశీ హ్యామ్‌ను మాట్లాడనివ్వాలా వద్దా అన్నది ఆయా దేశాలే తేల్చుకోవాలని అందులో ఉంది. షరతులు పెట్టే హక్కు కూడా ఆ దేశాలదే.

అందుకే ఫారిన్‌లో మాట్లాడటానికి ఉన్న దారులు ప్రధానంగా మూడు. ఒకటి, చాలా దేశాలు కలిసి చేసుకున్న ఉమ్మడి ఏర్పాటు. రెండు, రెండు దేశాల మధ్య పరస్పర ఒప్పందం. మూడు, ఇవేవీ లేకపోతే ఆ దేశంలో విడిగా దరఖాస్తు చేసుకుని అనుమతి తెచ్చుకోవడం.

యూరప్ వెళ్లేవాళ్లకు ‘సెప్ట్’ రూల్

ఉమ్మడి ఏర్పాట్లలో అన్నిటికంటే పెద్దది యూరప్‌ది. యూరప్ దేశాల పోస్టల్, టెలికాం శాఖల సమాఖ్య పేరే సెప్ట్. 1985లో టీ/ఆర్ 61-01 అనే సిఫార్సును ఈ సమాఖ్య తెచ్చింది. ఇందులో చేరిన దేశాల హ్యామ్‌లు, చేరిన మరో దేశానికి కొద్ది రోజుల కోసం వెళ్తే కొత్తగా దరఖాస్తు పెట్టక్కర్లేదు. గరిష్ఠంగా 3 నెలల వరకు సొంత లైసెన్స్‌తోనే మాట్లాడొచ్చు.

1992 నుంచి యూరప్ బయటి దేశాలకూ ఇందులో తలుపులు తెరిచారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఇజ్రాయెల్ లాంటి దేశాలు అలా వచ్చి చేరాయి.

ఇక్కడే మనవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ జాబితాలో ఇండియా లేదు. అంటే వీయూ2 లైసెన్స్ పట్టుకుని పారిస్‌లోనో, బెర్లిన్‌లోనో దిగి సెట్ ఆన్ చేస్తే అది అనుమతి లేని ప్రసారమే అవుతుంది. జనరల్ గ్రేడ్ ఉన్నా సరే, లెక్కలోకి రాదు. ప్రయాణానికి ముందే ఆ దేశపు రెగ్యులేటర్‌ను సంప్రదించాలి. ఇలాంటి అనుమతులకు వారాలు పట్టొచ్చు కాబట్టి టికెట్ బుక్ చేసిన రోజునే ఈ పని మొదలుపెట్టడం మంచిది.

అమెరికాలో తెలుగు హ్యామ్‌ల పరిస్థితి ఏంటి?

పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు, చదువు కోసం వెళ్లే విద్యార్థులు మన దగ్గర లక్షల్లో ఉంటారు. వాళ్లలో హ్యామ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇది శుభవార్తే. అమెరికాకు పరస్పర ఒప్పందం ఉన్న దేశాల జాబితాలో ఇండియా ఉంది.

అమెరికా రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ రూల్స్ ప్రకారం, భారత పౌరుడై ఉండి, భారత లైసెన్స్ ఉన్నవాళ్లు అక్కడ విడిగా పర్మిట్ కోసం తిరగక్కర్లేదు. పాస్‌పోర్ట్, ఒరిజినల్ లైసెన్స్ చేతిలో ఉండాలి. అయితే కొన్ని షరతులు ఉన్నాయి.

మొదటిది, అమెరికా రూల్స్‌తో పాటు సొంత లైసెన్స్ షరతులు కూడా పాటించాలి. ఇక్కడ రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లగానే జనరల్ గ్రేడ్ అయిపోరు. ఇక్కడ ఏ పరిమితులు ఉంటే అక్కడా అవే.

రెండోది, కాల్ సైన్ చెప్పే పద్ధతి. సొంత కాల్ సైన్‌కు ముందు అమెరికాలో ఉన్న ప్రాంతం కోడ్ చేర్చాలి. టెక్సాస్ ఐదో ప్రాంతం కాబట్టి డాలస్‌లో ఉన్నవాళ్లు ‘డబ్ల్యూ5 స్ట్రోక్’ అని చెప్పి, ఆ తర్వాత తమ వీయూ2 కాల్ సైన్ చెప్పాలి. కాలిఫోర్నియాలో అయితే డబ్ల్యూ6, న్యూజెర్సీలో డబ్ల్యూ2. దాంతోపాటు ప్రతి సంభాషణలో కనీసం ఒక్కసారైనా ఏ ఊరు, ఏ రాష్ట్రం నుంచి మాట్లాడుతున్నారో ఇంగ్లిష్‌లో చెప్పాలి.

మూడోది చాలామందికి తెలియని మెలిక. ఎఫ్‌సీసీ లైసెన్స్ కూడా తీసుకున్నవాళ్లకు ఈ పరస్పర ఒప్పందం వర్తించదు. అమెరికా కాల్ సైన్ వచ్చాక అక్కడ దాన్నే వాడాలి.

ఇంతకీ అమెరికా లైసెన్స్ తీసుకోవడం కష్టమా? కాదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులు తప్ప ఎవరైనా పరీక్ష రాయొచ్చు. అక్కడి పౌరసత్వం అవసరం లేదు. కానీ అమెరికాలో ఉత్తరాలు అందే ఒక అడ్రస్ ఉండాలి. మొదటి మెట్టు టెక్నీషియన్. 35 ప్రశ్నలు ఉంటాయి, 26 సరైతే పాస్. 2022 ఏప్రిల్ నుంచి దరఖాస్తు ఫీజు 35 డాలర్లు. లైసెన్స్ గడువు 10 ఏళ్లు. అందుకే ఎక్కువ కాలం ఉండే విద్యార్థులు, ఉద్యోగులు చాలావరకు ఈ దారే పడతారు.

అమెరికా లైసెన్స్‌తో స్విట్జర్లాండ్ టూర్ వెళ్తే?

ఇక్కడే అసలు ట్విస్ట్. అమెరికా సెప్ట్ ఏర్పాటులో ఉంది కదా, ఎఫ్‌సీసీ లైసెన్స్ ఉంటే యూరప్ మొత్తం తిరుగుతూ మాట్లాడొచ్చు అనుకుంటారు. కానీ ఆ వెసులుబాటు అమెరికా పౌరులకే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు, చివరికి గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు కూడా ఇది వర్తించదు.

పోనీ పౌరసత్వం వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా లైసెన్స్ క్లాస్ చూస్తారు. ఎక్స్‌ట్రా, అడ్వాన్స్‌డ్ క్లాసుల వాళ్లకు పూర్తి హక్కులు ఉంటాయి. జనరల్ క్లాసు వాళ్లకు సెప్ట్‌లోని మరో సిఫార్సు కింద, దాన్ని ఒప్పుకున్న దేశాల్లో మాత్రమే పరిమిత హక్కులు ఉంటాయి. టెక్నీషియన్ క్లాసుకు ఏమీ ఉండవు.

వెంట ఉంచుకోవాల్సిన కాగితాలు కూడా మూడు. ఎఫ్‌సీసీ లైసెన్స్, అమెరికా పౌరసత్వానికి రుజువుగా పాస్‌పోర్ట్, ఈ ఏర్పాటు గురించి ఎఫ్‌సీసీ ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో ఇచ్చిన పబ్లిక్ నోటీస్ కాపీ. పోలీసులు ఆపి అడిగితే ఆ కాగితమే మాట్లాడుతుంది. కాల్ సైన్ ముందు ఆ దేశపు అక్షరాలు చేర్చాలి. ఫ్రాన్స్‌లో ఎఫ్, జర్మనీలో డీఎల్, స్విట్జర్లాండ్‌లో హెచ్‌బీ9.

గల్ఫ్‌కు వెళ్తున్నారా? రెండుసార్లు ఆలోచించండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి దుబాయ్, సౌదీ, కువైట్, ఖతార్‌లకు వెళ్లేవాళ్లకు లెక్కే లేదు. గల్ఫ్ దేశాల్లో రేడియో పరికరాల మీద నియంత్రణ గట్టిగా ఉంటుంది. యూఏఈలో టీడీఆర్ఏ, సౌదీలో సీఎస్‌టీ అనే సంస్థలు ఈ వ్యవహారాలు చూస్తాయి. హ్యామ్ రేడియో అక్కడ కూడా ఉంది. లైసెన్స్ ఉన్న హ్యామ్‌లూ ఉన్నారు. కానీ ఆ దేశం అనుమతి లేకుండా బ్యాగులో సెట్ పెట్టుకుని దిగడం మాత్రం సాహసమే.

ఇక్కడ ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే.. సెట్ వాడటం వేరు, సెట్ దగ్గర ఉండటం వేరు. చాలా దేశాల్లో ఈ రెండిటికీ అనుమతి కావాలి. ‘నేను ఆన్ చేయలేదు, ఊరికే తెచ్చుకున్నా’ అంటే కస్టమ్స్ అధికారి వింటారన్న గ్యారెంటీ లేదు. రాతపూర్వక అనుమతి చేతికి రాకపోతే సెట్ ఇంట్లోనే వదిలేయడం ఉత్తమం.

ఇక ఉత్తర కొరియా లాంటి చోట్ల హ్యామ్ రేడియోకు దాదాపు తలుపులు మూసేశారు. ప్రపంచ ఆహార కార్యక్రమం పని మీద అక్కడికి వెళ్లిన జార్జియా దేశస్థుడు ఎడ్ జియోర్గాడ్జే 2001లో అనుమతితో ప్రసారాలు మొదలుపెట్టారు. ప్రపంచవ్యాప్తంగా హ్యామ్‌లు ఆయన్ను అందుకోవడానికి ఎగబడ్డారు. కానీ 2002 నవంబరులో అధికారులు ఆపేయమన్నారు. ఆపేయాల్సి వచ్చింది.

లైసెన్స్ ఉన్నా ఫ్రీక్వెన్సీ తప్పితే తప్పే!

అనుమతి దొరికింది. అయినా పని పూర్తి కాలేదు. ఐటీయూ ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా విభజించింది. యూరప్, ఆఫ్రికా ఒకటో రీజియన్. అమెరికా ఖండాలు రెండోది. ఇండియా ఉన్నది మూడో రీజియన్‌లో. ఏ బ్యాండ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నది రీజియన్‌ను బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు మీటర్ల బ్యాండ్ అమెరికాలో 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ వరకు ఉంది. ఇండియాలో, యూరప్‌లో 146 దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో హ్యామ్‌లు ఒకరినొకరు పిలుచుకునే ఫ్రీక్వెన్సీ 146.52. డాలస్‌లో రోజూ దాని మీద మాట్లాడే వ్యక్తి సెలవులకు విజయవాడ వచ్చి అదే బటన్ నొక్కితే, అది హ్యామ్ బ్యాండ్ బయట ప్రసారం చేసినట్టే.

70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో తేడా ఇంకా ఎక్కువ. అమెరికాలో 420 నుంచి 450 మెగాహెర్ట్జ్. యూరప్‌లో 430 నుంచి 440. ఇండియాలో 434 నుంచి 438 మాత్రమే. 40 మీటర్ల బ్యాండ్‌లో కూడా అంతే. అమెరికాలో 7.3 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లొచ్చు. మన దగ్గర 7.2తో సరి.

ఫ్యామిలీ టూర్లలో పిల్లల కోసం కొనే చిన్న వాకీటాకీల సంగతి కూడా ఇదే. అమెరికాలో లైసెన్స్ లేకుండా వాడే ఎఫ్‌ఆర్‌ఎస్ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. యూరప్‌లో అలాంటి సెట్లకు ఇచ్చింది 446 మెగాహెర్ట్జ్. ఇండియాలో 446.0 నుంచి 446.2 వరకు తక్కువ పవర్ సెట్లకు మినహాయింపు ఉంది. అమెరికా సూపర్ మార్కెట్‌లో కొన్న జత ఇక్కడ లైసెన్స్ అక్కర్లేనిది కాదన్నమాట.

ఇండియాకు వచ్చేవాళ్లకు కూడా ఇదే రూల్

రూల్ రెండు వైపులా ఉంటుంది. ఇండియాకు వచ్చే విదేశీ హ్యామ్‌లకు పరస్పర ఒప్పందం ప్రాతిపదికన లైసెన్స్ ఇచ్చే వీలుంది. కానీ ముందు దరఖాస్తు చేసుకోవాలి, డబ్ల్యూపీసీ అనుమతి రావాలి. అమెరికాలో మనవాళ్లకు ఉన్నట్టు దిగగానే మాట్లాడే సౌకర్యం ఇక్కడ లేదు. ఓసీఐ కార్డు ఉంది కదా అనుకోవద్దు. ఆ కార్డు దేశంలోకి రావడానికి పనికొస్తుంది, రేడియో వాడటానికి కాదు.

శాటిలైట్ ఫోన్ల విషయంలో అయితే ఇంకా జాగ్రత్త అవసరం. అనుమతి లేకుండా వాటిని ఇండియాలో దగ్గర పెట్టుకోవడం, వాడటం నేరం. బ్రిటన్ ప్రభుత్వం కూడా ఇండియా వచ్చే తమ పౌరులను ఈ విషయంలో ముందే హెచ్చరిస్తోంది.

ఇక్కడి నుంచి ఖరీదైన సెట్ పట్టుకెళ్లేవాళ్లు బయల్దేరే ముందే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ కౌంటర్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. సీరియల్ నంబర్ రాయించుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు ‘ఇది ఫారిన్‌లో కొన్నది కాదు’ అని నిరూపించడం తలనొప్పి.

విమానంలో, ఓడలో ఏం చేయొచ్చు?

విమానంలో సెట్ ఆఫ్‌లోనే ఉండాలి. అసలు సమస్య బ్యాటరీతో వస్తుంది. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ వరకు ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. వోల్టులను ఆంపియర్ అవర్‌తో గుణిస్తే లెక్క వచ్చేస్తుంది. చేతి సెట్ బ్యాటరీ 7.4 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అయితే 14.8 వాట్ అవర్ మాత్రమే. పెద్ద సెట్ల కోసం వాడే 12.8 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ బ్యాటరీ 256కు చేరుతుంది. అది విమానం ఎక్కదు.

క్రూయిజ్ షిప్‌లో అయితే కెప్టెన్ అనుమతి తప్పనిసరి. నడిసముద్రంలో ఓడ మీద ఎగిరే జెండా ఏ దేశానిదో ఆ దేశం రూల్స్ వర్తిస్తాయి. ఒక దేశపు ప్రాదేశిక జలాల్లోకి వచ్చాక ఆ తీర దేశం రూల్స్ మొదలవుతాయి.

ఇన్ని రూల్స్ ఎందుకు? పోర్ట్ బ్లెయిర్ చెప్పిన పాఠం

ఒక హాబీకి ఇంత తతంగం అవసరమా అనిపించొచ్చు. దానికి సమాధానం 2004 డిసెంబరులో దొరికింది.

అండమాన్ దీవులు మన దేశంలోనే ఉన్నా, భద్రతా కారణాల వల్ల అక్కడ హ్యామ్ రేడియోకు ప్రత్యేక అనుమతి కావాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ ఆ అనుమతి కోసం ఎన్నో ప్రయత్నాలు చేసి, చివరకు సాధించారు. తన బృందంతో పోర్ట్ బ్లెయిర్ చేరి, వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో ప్రపంచ దేశాల హ్యామ్‌లతో మాట్లాడటం మొదలుపెట్టారు.

డిసెంబరు 26 ఉదయం భూకంపం, వెనకే సునామీ. ఫోన్లు మూగబోయాయి. ఆ సమయంలో యాంటెన్నాలు, సెట్లు, అనుమతి కాగితాలు అన్నీ ఉన్న హ్యామ్ బృందం వాళ్లదే. సరదా కోసం పెట్టిన స్టేషన్ కాస్తా ఎమర్జెన్సీ కేంద్రంగా మారిపోయింది. దీవుల్లో చిక్కుకున్నవాళ్ల క్షేమ సమాచారం ఆ సెట్ల ద్వారానే బయటి ప్రపంచానికి చేరింది. అనుమతి లేకుండా దొంగచాటుగా నడిచే స్టేషన్ అయి ఉంటే అది అధికారులకు అండగా నిలబడగలిగేదా? కాగితం అడ్డంకిలా కనిపిస్తుంది. అవసరం వచ్చిన రోజున నమ్మకం కలిగించేది కూడా ఆ కాగితమే.

అనుమతి రాకపోతే ఏం చేయాలి?

నిరాశ పడక్కర్లేదు. వెబ్‌ఎస్‌డీఆర్ పేరుతో ఇంటర్నెట్‌లో ఉండే రిసీవర్ల ద్వారా ఫోన్‌లోనే ప్రపంచంలోని హ్యామ్ బ్యాండ్లు వినొచ్చు. దానికి సెట్ కూడా మోయక్కర్లేదు. వెళ్లిన ఊళ్లో హ్యామ్ క్లబ్ ఉందేమో కనుక్కుని కలవొచ్చు. అమెరికా లాంటి చోట్ల లైసెన్స్ ఉన్న స్థానిక హ్యామ్ పక్కనే ఉండి పర్యవేక్షిస్తే, లైసెన్స్ లేనివాళ్లు కూడా ఆ స్టేషన్ మైక్‌లో మాట్లాడే వీలుంది.

బయల్దేరే ముందు ఈ లిస్ట్ చూసుకోండి

- వెళ్లే దేశానికి ఇండియాతో పరస్పర ఒప్పందం ఉందా? ఆ దేశపు రెగ్యులేటర్ వెబ్‌సైట్‌లోనే చూడాలి. స్నేహితుడు చెప్పాడని, వీడియోలో విన్నానని ఆగిపోవద్దు.
- మధ్యలో విమానం మారే దేశంలో దిగి బయటకు వెళ్తున్నారా? అక్కడి రూల్ కూడా చూసుకోవాలి.
- ఒరిజినల్ లైసెన్స్, పాస్‌పోర్ట్, అనుమతి పత్రం.. వీటి ప్రింట్ కాపీలు సెట్‌తో పాటే ఉంచుకోవాలి. ఫోన్‌లో ఫోటో ఒక్కటే సరిపోదు.
- సెట్ కొన్న బిల్లు, సీరియల్ నంబర్, కస్టమ్స్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి.
- అక్కడి బ్యాండ్ హద్దులు, పవర్ పరిమితి రాసుకోవాలి. సెట్‌లో పాత ఫ్రీక్వెన్సీలు ఉంటే తీసేయాలి.
- కాల్ సైన్ ముందు ఏ అక్షరాలు చేర్చాలో తెలుసుకోవాలి.
- ఎయిర్‌పోర్టులు, మిలటరీ ప్రాంతాలు, సరిహద్దుల దగ్గర సెట్ బయటకు తీయొద్దు.
- ఏ ఒక్కదానికీ స్పష్టమైన జవాబు దొరకకపోతే, ఈ ట్రిప్‌కు సెట్ ఇంట్లోనే వదిలేయాలి.